పరుల కథకు ప్రాణం పోసిన రేఖ: రామ్‌మోహన్ యానిమేషన్ కృషి

సినిమా హాలులో అసలు చిత్రానికి ముందు ప్రభుత్వ లఘుచిత్రాన్నో వార్తాచిత్రాన్నో ప్రదర్శించడం మన దేశంలో దశాబ్దాలపాటు తప్పనిసరి నిబంధనగా ఉండేది. ఆలస్యంగా వచ్చిన ప్రేక్షకుడు చీకటిలో తన కుర్చీని వెతుక్కునే వ్యవధిగానే చాలామంది దానిని భావించేవారు. 1948లో ఏర్పడిన ఫిలిమ్స్ డివిజన్ తెలుగుతో సహా పలు భాషలలో ఆ చిత్రాలను సిద్ధపరచి ఊరూరికీ పంపేది. ఆనకట్టలు, వరదలు, ప్రారంభోత్సవాలు, గణతంత్ర దినోత్సవ కవాతులు - వీటి నడుమ ఎప్పుడో ఒక బొమ్మల చిత్రం వచ్చేది. అప్పుడు నేల తరగతి నుంచి బాల్కనీ దాకా మాటలు సద్దుమణిగేవి. అయితే ఆ బొమ్మలు గీసినవారి పేర్లు తెరపై పడినప్పుడు చదివినవారు తక్కువ. చదివి గుర్తుంచుకొన్నవారు ఇంకా తక్కువ.

ఆ పేర్లలో ఒకటి రామ్‌మోహన్. 1931లో జన్మించి, మద్రాసు విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చదివి, 1956లో ఫిలిమ్స్ డివిజన్ వారి కార్టూన్ ఫిలిమ్ యూనిట్‌లో ఉద్యోగిగా చేరిన ఆయన, 2019 అక్టోబరులో ముంబయిలో కన్నుమూసేనాటికి 'భారతీయ యానిమేషన్ పితామహుడు' అన్న ప్రశస్తిని పొందారు. 2014లో పద్మశ్రీ పురస్కారం లభించింది. పితామహ బిరుదులను చరిత్ర కొంత అనుమానంతోనే చూస్తుంది. దాదాసాహెబ్ ఫాల్కే 1915లోనే అగ్గిపుల్లలను తెరపై కదిలించి 'ఆగ్‌కాడ్యాంచీ మౌజ్' అన్న చిన్న చిత్రాన్ని నిర్మించారు. కనుక పుట్టుక లెక్క అక్కడినుంచే మొదలుకావాలి. రామ్‌మోహన్ చేసినది వేరు. ఒక వినోదంగా, ఒంటరి ప్రయత్నంగా ఉన్నదానిని నిత్యం సాగే వృత్తిగా మార్చిన తరానికి ఆయన ప్రతినిధి. ఆ వృత్తి స్వభావాన్ని, దాని గౌరవాన్ని, దానికి చెల్లించిన మూల్యాన్ని ఆయన చిత్రాలలోనే చదువుకోవచ్చు.

కార్టూన్ ఫిలిమ్ యూనిట్ పుట్టుక కాలానికి తగినదే. అమెరికా సాంకేతిక సహాయ పథకం కింద డిస్నీ సంస్థలో అనుభవం గడించిన క్లెయిర్ వీక్స్ అనే చిత్రకారుడు బొంబాయికి వచ్చి యువకులకు శిక్షణ ఇచ్చాడు. ఆయన క్రైస్తవ మిషనరీల కుమారుడుగా భారతదేశంలోనే పుట్టినవాడు కావడం విశేషం. ఆ శిక్షణ ఫలితంగా 1957లో వెలువడిన చిత్రం 'ది బన్యన్ డీర్'. న్యగ్రోధమృగ జాతకం దీనికి ఆధారం. రాజు వంటశాలకు రోజుకొక లేడి వంతున వెళ్లే ఏర్పాటులో, గర్భవతి అయిన లేడి వంతు వచ్చినప్పుడు బోధిసత్త్వుడైన మృగరాజు తానే వధ్యశిలపై తల పెట్టడం ఆ కథ.

చిత్రాన్ని ఈనాడు చూసినవారికి రెండు దేశాలు ఒకే చట్రంలో ఇమడలేక ఇమిడినట్లు తోస్తుంది. నేపథ్యంలోని చెట్లు, మండపాలు, మనుషుల నిలుపు అజంతా కుడ్యచిత్రాలను స్ఫురింపజేస్తాయి. పరుగెత్తే లేళ్లు మాత్రం 'బాంబీ' అడవినుంచి వచ్చినవే. కళ్లు పెద్దవి, కాళ్లు సన్ననివి, దూకినప్పుడు దేహం సాగి, వాలినప్పుడు కుదించుకుపోతుంది. ఈ సాగడం, కుదించుకోవడం డిస్నీ పాఠశాల మూలసూత్రం. అజంతా శిల్పి నిలకడలో చలనాన్ని సూచించాడు. డిస్నీ చిత్రకారుడు చలనాన్నే నమ్ముకొన్నాడు. ఈ రెండింటి మధ్య వైరుధ్యాన్ని ఆ తొలి చిత్రం పరిష్కరించలేదు. పరిష్కరించాలని ఆశించడం కూడా న్యాయం కాదు. సెకనుకు 24 చట్రాల లెక్కన పది నిమిషాల చిత్రానికి 14,400 చట్రాలు కావాలి. ఒక్కొక్క బొమ్మను రెండు చట్రాలకు వాడుకొన్నా 7,200 బొమ్మలు గీయాలి. అప్పుడే కలం పట్టిన బృందం అంత పనిని పూర్తిచేసి నిలవడమే పెద్ద విజయం. జి.కె. గోఖలే వంటి సహచరులతో కలిసి రామ్‌మోహన్ పని నేర్చుకొన్నది ఈ శ్రమలోనే.

తరువాతి పన్నెండేళ్లలో ఈ యూనిట్ ఎదుర్కొన్న అసలు సమస్య రేఖది కాదు, సందేశానిది. చిత్రం కావాలని కోరేది ఒక మంత్రిత్వ శాఖ. కథాసంగ్రహాన్ని పరిశీలించేది ఒక కార్యాలయం. పూర్తయిన చిత్రాన్ని ఆమోదించేది ఫిలిమ్ అడ్వైజరీ బోర్డు. పొదుపు, కుటుంబ నియంత్రణ, ఆహారోత్పత్తి, పరిశుభ్రత వంటి విషయాలలో ఏది ఇచ్చినా బొమ్మల్లో చెప్పాలి. దీనిని కేవలం నిర్బంధంగా చిత్రించడం ఇటీవలి విమర్శలో ఆచారమైంది. కాని, టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడి అభిరుచికి గాని, పెట్టుబడిదారుడి లాభానికి గాని లొంగనవసరం లేకుండా, నెలనెలా జీతంతో ఒక కళను అభ్యసించే అవకాశాన్ని ఆ రోజులలో ఈ దేశంలో మరే సంస్థా ఇవ్వలేదన్నది మరువరాదు. నిర్బంధమూ ఆశ్రయమూ ఒకే కప్పు కింద ఉండేవి.

ఆ కప్పు కిందనే రెండు దారులు కనిపించాయి. ఒడిశాకు చెందిన ప్రమోద్ పతి ప్రేగ్‌లో యిర్షీ త్రన్కా వద్ద బొమ్మల చిత్రాల విద్య నేర్చి వచ్చినవాడు. 1965 ప్రాంతంలో జాన్ భవ్నగరీ ఫిలిమ్స్ డివిజన్ సారథ్యం వహించినప్పుడు లభించిన స్వేచ్ఛను ఆయన అందరికంటె తెగువతో వాడుకొన్నారు. 'ఎక్స్‌ప్లోరర్' (1968)లో వ్యాఖ్యానం లేదు, ఉపదేశం లేదు; దృశ్యాలు, శబ్దాలు ప్రేక్షకుడిపై వడగళ్లలా పడతాయి. 'అబిద్' (1972)లో చిత్రకారుడు అబిద్ సుర్తీనే ఒక్కొక్క చట్రానికి ఒక్కొక్క భంగిమలో నిలిపి, మనిషిని బొమ్మగా ఆడించారు. నలభై మూడేళ్లు నిండకుండానే 1975లో పతి మరణించారు. ఈనాటి విద్యార్థులు ఆయన చిత్రాలను ఆశ్చర్యంతో చూస్తున్నారు. నాటి సినిమా హాలులో వాటికి అర్థం అడిగినవారే ఎక్కువ అయివుంటారు.

రామ్‌మోహన్‌ది రెండవ దారి. ఆయన సందేశాన్ని ఛేదించలేదు, తేటపరచారు. ఎంత తక్కువ గీతలతో ఒక మనిషిని గుర్తుపట్టేలా చేయవచ్చు, ఎంత తక్కువ కదలికతో ఒక భావం చెప్పవచ్చు అన్నదే ఆయన అన్వేషణ. ఇందులో డబ్బు పొదుపు కూడా ఉంది. డిస్నీ రీతిలో ప్రతి అవయవాన్నీ కదిలించాలంటే వందలమంది కావాలి. నిలిచివున్న దేహంలో కనుబొమను మాత్రమే ఎత్తితే పని జరిగిపోతుంది, కొన్ని సందర్భాలలో ఇంకా బాగా జరుగుతుంది. పేదరికం నుంచి పుట్టిన ఈ మితత్వం ఆయన చేతిలో శైలిగా కుదురుకొంది. పతితో పోల్చి ఈ దారిని తక్కువ చేయడం తేలిక. ఒకరు భాషను కొత్తగా కనిపెట్టబోయారు, మరొకరు ఉన్న భాషను నలుగురికీ అర్థమయ్యేట్లు మాట్లాడారు. ప్రభుత్వ సంస్థకు ఇద్దరూ అవసరమే.

ఆయన చేతికింద పని నేర్చినవారిలో భీమ్‌సేన్ ముఖ్యుడు. ఫిలిమ్స్ డివిజన్‌లో నేపథ్య చిత్రకారుడుగా చేరి, రామ్‌మోహన్ వద్ద యానిమేషన్ నేర్చి, 'ది క్లైంబ్' (1970)తో షికాగో ఉత్సవంలో పురస్కారం పొందారు. 1974లో విజయా మూలే దర్శకత్వంలో వెలువడిన 'ఏక్ అనేక్ ఔర్ ఏకతా'కు బొమ్మలు ఆయనవే. వలతో సహా ఎగిరిపోయిన పక్షులు, ఆ వలను కొరికిన ఎలుకలు తెలుగు పాఠకుడికి కొత్త కాదు. చిన్నయసూరి 'నీతిచంద్రిక' మిత్రలాభంలోని చిత్రగ్రీవ, హిరణ్యకుల కథ అది. దూరదర్శన్ ద్వారా దేశమంతటి పిల్లలు కంఠస్థం చేసిన ఆ ఏడు నిమిషాల చిత్రం జాతీయ సమైక్యత గురించిన ఎన్నో ఉపన్యాసాలకంటె ఎక్కువ పని చేసింది. సందేశచిత్రం అంతా నీరసమన్న మాటకు ఇది చాలినంత సమాధానం.

రామ్‌మోహన్ 1968లో ప్రభుత్వోద్యోగం విడిచి ప్రసాద్ ప్రొడక్షన్స్ వారి యానిమేషన్ విభాగానికి అధిపతిగా వెళ్లారు. ఏలూరు ప్రాంతం నుంచి బయలుదేరి బొంబాయి, మద్రాసు సినిమారంగాలు రెండింటిలోనూ స్థిరపడిన ఎల్.వి. ప్రసాద్ సంస్థ అది. తెలుగువారి చొరవ ఈ చరిత్రలో ఇక్కడ ఒకమారు తళుక్కుమంటుంది. అక్కడ ఎక్కువకాలం లేరు. 1972లో రామ్‌మోహన్ బయోగ్రాఫిక్స్ పేరుతో సొంత సంస్థ స్థాపించారు. ప్రకటనలు ఆ సంస్థకు అన్నం పెట్టాయి. 'యూ సెడ్ ఇట్' (1972), 'ఫైర్ గేమ్స్' (1983) జాతీయ పురస్కారాలు తెచ్చాయి.

అయితే ఆయన ప్రతిభ కథాచిత్రాలలో పొదిగిన చిన్న ఖండికలలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. మృణాల్ సేన్ 'భువన్ షోమ్' (1969)లో కఠినుడైన రైల్వే అధికారి కార్యాలయ జీవితాన్ని ఎగతాళి చేసే బొమ్మల తునక ఉంది. దస్త్రాల నడుమ బతికేవారెవరైనా దానిని చూసి నవ్వుకొని, ఆనక కొంచెం ఇబ్బందిపడతారు. ప్రభుత్వ యూనిట్‌లో పన్నెండేళ్లు గడిపిన చేయి గీసిన గీత అది. ఎగతాళిలో ద్వేషం లేకపోవడానికి కారణం బహుశా అదే.

సత్యజిత్ రాయ్ 'శత్రంజ్ కే ఖిలాడీ' (1977)లోని ఖండిక మరింత లోతైనది. ప్రేమ్‌చంద్ కథలో ఇద్దరు జాగీర్దారుల చదరంగం వ్యసనం ప్రధానం. రాజ్యం పోవడం వెనుక నీడ. రాయ్ ఆ నీడను ముందుకు తెచ్చారు. డల్హౌసీ గవర్నర్ జనరల్‌గా ఉన్న ఎనిమిదేళ్లలో సంస్థానాలు ఎలా కలిసిపోయాయో ప్రేక్షకుడికి చెప్పకపోతే 1856 ఫిబ్రవరిలో వాజిద్ అలీ షా కిరీటం తీసి ఇవ్వడంలోని బరువు తెలియదు. చరిత్ర పాఠం చెబితే చిత్రం ఆగిపోతుంది. అవధ్ ఏదో ఒకనాడు తమ నోట రాలిపడే చెర్రీ పండు అన్న అర్థంలో డల్హౌసీ ఒక లేఖలో రాసిన మాటను రాయ్ పట్టుకొన్నారు. బొమ్మలలో సంస్థానాలు పళ్లైపోతాయి. ఒక్కొక్కటే నోట పడుతుంది. సతారా, నాగపూర్, ఝాన్సీల విలీనానికి చరిత్ర గ్రంథాలు పేజీలకొద్దీ కారణాలు రాస్తాయి: దత్తత చెల్లకపోవడం, వారసుడు లేకపోవడం, దుష్పరిపాలన. బొమ్మ ఆ కారణాలన్నింటినీ పక్కకు నెట్టి ఆకలిని మాత్రమే చూపుతుంది. ఇది చరిత్రను సరళం చేయడం కాదా అన్న ప్రశ్న న్యాయమే. 1853లో నైజాము చేతినుంచి బీరారు జారిపోయిన తీరు ఈ చెర్రీ పళ్ల వరుసలో ఇమడదు. అక్కడ వారసత్వ వివాదం లేదు, సైన్యం ఖర్చు బాకీ ఉంది. కాని వ్యంగ్యచిత్రం చేసే పని అంతకు మించదు. న్యాయశాస్త్రం ముసుగు వెనుక ఉన్న నోటిని అది చూపింది. ఆ చలనంలో తొందర లేదు, అట్టహాసం లేదు. తీరిగ్గా భోంచేసేవాడి నిదానం ఉంది. ఆ నిదానమే భయం పుట్టిస్తుంది.

పరుల అవసరానికి పనిచేయడంలో ఆయన పరిణతి పూర్తిగా కనిపించేది 'మీనా'లో. 1991 నుంచి 2000 వరకు గల దశాబ్దాన్ని సార్క్ దేశాలు బాలికల దశాబ్దంగా ప్రకటించాయి. ఆ నేపథ్యంలో యునిసెఫ్ చేపట్టిన ఈ చిత్రమాలలో మీనా అనే పల్లెపిల్ల, తమ్ముడు రాజు, మిఠూ అనే చిలుక ప్రధాన పాత్రలు. బంగ్లాదేశ్, భారత్, నేపాల్, పాకిస్తాన్‌లలో పల్లెజనానికి బొమ్మలు చూపి, వారి మాట విని, పాత్రల రూపాన్ని తీర్చారు. ఇక్కడి కష్టం ఊహించదగినదే. పిల్లకు చీర కడితే ఒక దేశానికి పరాయిది, సల్వార్ వేస్తే మరొక దేశానికి. ఇంటి కప్పు, పొయ్యి ఆకారం, నీళ్లు మోసే బిందె, దండం పెట్టే తీరు - ప్రతి వస్తువూ ఏదో ఒక మతాన్నో ప్రాంతాన్నో పట్టి ఇస్తుంది. అందరికీ చెందాలన్న తపనలో ఎవరికీ చెందని ఊరు తయారయ్యే ప్రమాదం ఉంది. మీనా దానిని తప్పించుకొంది. పాత్ర దుస్తులవల్ల గాక చేష్టలవల్ల గుర్తుండిపోవడమే అందుకు కారణం. తలుపు చాటున నిలబడి వినడం, అడగాలనుకొన్న ప్రశ్నను ఒక క్షణం మింగి తరువాత అడగడం ఉపఖండమంతటి ఆడపిల్లలకూ తెలిసినవే.

తొలి చిత్రం 'కౌంట్ యువర్ చికెన్స్'లో బడికి పంపని పిల్ల తన బదులు చిలుకను బడికి పంపుతుంది. చిలుక విన్నది తెచ్చి వల్లిస్తే లెక్క నేర్చుకొని, ఇంటి కోళ్లలో ఒకటి తగ్గిందని ఆమే కనిపెడుతుంది. 'డివైడింగ్ ద మ్యాంగో'లో అన్నం, పండు పంపకంలో తమ్ముడికి దక్కే పెద్ద వాటా గురించి వాదన రాగా, ఒకరోజు పనులు మార్చుకొంటారు. ఉపదేశం ఉందా? ఉంది. కాని అది తల్లి నోటినుంచో, ఉపాధ్యాయుడి నోటినుంచో రాదు. కోళ్ల లెక్కలోనుంచి వస్తుంది. నాటి సందేశచిత్రాలలో వ్యాఖ్యాత గంభీర స్వరంతో చెప్పినదానిని ఇక్కడ సంఘటన చెబుతుంది. కార్టూన్ యూనిట్‌లో నేర్చిన పాఠానికి ముప్పైఅయిదేళ్ల తరువాత దొరికిన సరైన రూపం ఇది. కొన్ని కథలలో ఆరోగ్య సమాచారం కథను మింగివేసిన మాట కూడా నిజమే. విరేచనాలు, టీకాల గురించిన భాగాలలో రాజు, మీనా కరపత్రాలలా మాట్లాడతారు.

మీనాను అందరూ ఎరుగుదురు. ఆమె యునిసెఫ్ సొత్తు. రామ్‌మోహన్ కీర్తిలోని వెలితి ఇదే. అరవై ఏళ్ల కృషిలో ఆయన తనకంటూ ఒక నిడివిగల చిత్రాన్ని, తన పేరుతో నిలిచే ఒక పాత్రను మిగుల్చుకోలేదు. ఇది స్వభావమని కొట్టివేయరాదు. నిడివిగల బొమ్మల చిత్రానికి పెట్టుబడి పెట్టగల వ్యవస్థ ఆ రోజుల్లో ప్రభుత్వంలో లేదు, ప్రైవేటు రంగంలోనూ లేదు. 1990ల తరువాత మన నగరాలలో, ముఖ్యంగా హైదరాబాదులో, వెలసిన స్టూడియోలు సైతం చాలాకాలం విదేశీ ధారావాహికలకు చేతిపని చేసి బతికాయి. 2008లో హైదరాబాదు నుంచే వచ్చిన 'ఛోటా భీమ్' ఆ ముడిని తెంపింది. రేఖలో, చలనంలో అది మీనాకు సాటిరాదు. అయినా పాత్ర మీద హక్కు దానిని సృష్టించినవారి చేతిలో ఉంది. 2022-23 కేంద్ర బడ్జెట్టులో యానిమేషన్ రంగాభివృద్ధికి కార్యదళాన్ని ప్రకటించారు. అదే 2022లో ఫిలిమ్స్ డివిజన్ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిసిపోయింది. ఒకే సంవత్సరంలో జరిగిన ఈ రెండు పనులకూ నడుమ ఒక ప్రశ్న నిలిచివుంది: కొత్త కార్యదళం నేర్పబోయే విద్యకు పాత యూనిట్ చిత్రాలు పాఠ్యమవుతాయా, లేక డబ్బాలలోని రీళ్లుగా మిగులుతాయా? చిత్రాలను డిజిటల్ రూపంలోకి మార్చడం ఒక ఎత్తు. ఏ దృశ్యం ఎవరు గీశారో ఆనాటివారు కొందరైనా బతికుండగా నమోదు చేయడం మరొక ఎత్తు. రెండవది చవకైన పని, కాలం దాటితే ఎంత ఖర్చుపెట్టినా జరగని పని.

పరుల కథలలో అతిపెద్దది, నిజానికి ఆయన సొంత దేశపు కథే, జపానునుంచి వచ్చింది. యూగో సాకో అనే జపాన్ చిత్రనిర్మాత 1983లో పురావస్తు శాస్త్రవేత్త బి.బి. లాల్ రామాయణ స్థలాలలో జరిపిన తవ్వకాలపై డాక్యుమెంటరీ తీసే సందర్భంలో రామకథను తెలుసుకొని, దానిని బొమ్మల చిత్రంగా తీయాలని సంకల్పించాడు. ఒక ఆంగ్ల పత్రికలో పొరపాటుగా వచ్చిన వార్త ఆధారంగా విశ్వహిందూ పరిషత్ జపాన్ రాయబార కార్యాలయానికి నిరసన లేఖ పంపింది. రాముడిని కార్టూన్ చేయరాదన్న అభ్యంతరం ప్రభుత్వ వర్గాలలోనూ వినిపించింది. ఆశించిన సహకారం లభించక చిత్రం ప్రధానంగా జపానులోనే తయారైంది.

ఈ అభ్యంతరాన్ని తెలుగుదేశపు చరిత్ర ముందు నిలిపి చూస్తే దాని బలహీనత తెలుస్తుంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు తరతరాలుగా రాముడిని, రావణుడిని, హనుమంతుడిని తెరమీద కదిలిస్తూనే ఉన్నారు. రంగులద్దిన తోలు వెనుక దీపం, ముందు ఊరి జనం. గంభీరమైన ఘట్టం మధ్యలో కేతిగాడు, బంగారక్క దూరి మోటు హాస్యమాడినా భక్తికి లోటు రాలేదు. కదిలే బొమ్మ రామాయణానికి కొత్తదీ కాదు, అపచారమూ కాదు. ఈ వాదనను ఆనాడు దస్త్రంలో ఎవరైనా రాసివుంటే సాకోకు కొన్నేళ్ల శ్రమ తగ్గేదేమో.

సాకో, కోయిచి ససాకిలతోపాటు రామ్‌మోహన్ దర్శకులుగా 'రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ' 1992లో పూర్తయింది. సుమారు 450 మంది కళాకారులు చేతితో బొమ్మలు గీశారు. ఇందులో రామ్‌మోహన్ వాటా తెరమీద విడిగా చూపగలిగేది కాదు. నేలమీద కూర్చున్నవాడు ఎలా లేస్తాడు, ధోవతి కుచ్చిళ్లు నడకలో ఎలా కదులుతాయి, పెద్దల ముందు చేతులు ఏ ఎత్తులో జోడిస్తారు - ఇవి జపాన్ చిత్రకారులకు నిఘంటువులో దొరికే సంగతులు కావు. చిత్రంలో రాముడి కళ్లు జపాన్ కళ్లే. అడవి, వర్షం, యుద్ధపు ధూళి ఆ దేశపు బొమ్మల సంప్రదాయంలోనివే. కాని తండ్రి మాట విని రాముడు తల వంచే క్షణంలో భుజాలు వాలిన తీరు, భరతుడు పాదుకలు అందుకొనే తీరు పరాయివి కావు. 'ది బన్యన్ డీర్'లో అజంతా, డిస్నీల మధ్య కుదరని సంధి ఇక్కడ వేరొక జంట మధ్య చాలామేరకు కుదిరింది. లోపాలు లేకపోలేదు. సీత పాత్రకు దక్కిన సమయం తక్కువ. అయోధ్య కుట్ర మరీ త్వరగా ముగుస్తుంది. మంథర దాదాపు కనుమరుగు. కుంభకర్ణుడి నిద్రనుంచి రావణుడి పతనం దాకా యుద్ధకాండకు ఇచ్చిన శ్రద్ధ అయోధ్యకాండకు ఇచ్చివుంటే చిత్రం మరింత సమతూకంగా ఉండేది.

1993 జనవరిలో ఢిల్లీ అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో దానిని ప్రదర్శించారు. అయోధ్యలో కట్టడం కూలి అప్పటికి నెల దాటింది. దేశం రాముడి పేరు విని ఉలిక్కిపడే స్థితిలో ఉంది. ఆనాడు ఈ చిత్రం విస్తృతంగా జనంలోకి వెళ్లలేదు. తరువాత టెలివిజన్‌లో చూసిన పిల్లలు పెద్దవారై దానిని మరువలేదు. 2025 జనవరి 24న పునరుద్ధరించిన ప్రతి దేశంలోని హాళ్లలో విడుదలైంది, ఈసారి తెలుగు సంభాషణలతో సహా. సాకో 2012లోనే గతించాడు. రామ్‌మోహన్ పోయి అయిదేళ్లు దాటింది.